నోట్లో జానెడు పేగు

"లైట్ తీస్కో మావా. మనకి నలభై ఏళ్లొచ్చేసరికి పార్టులన్నీ రీప్లేస్ చేసేస్తారు."

మా రూమ్మేట్ అన్న మాట ఇది. పోయిన సెమిస్టర్ ఎగ్జామ్స్ టైంలో, రాత్రి రెండింటికి, హాస్టల్ మెట్ల మీద. వాడి చేతిలో రెండు చిన్న ప్యాకెట్లు. ఒకటి పాన్ మసాలా, ఇంకోటి పొగాకు. రెండూ కలిపి అమ్మితే గుట్కా అని పట్టుకుంటారు కాబట్టి డబ్బావాడు విడివిడిగా అమ్ముతాడు, కొన్నవాడు అరచేతిలో కలుపుకుంటాడు. నిద్ర ఆపడానికి టీ కంటే ఇదే బెటర్ అని వాడి వాదన. నేను "క్యాన్సర్ రా" అంటే వాడిచ్చిన జవాబు అది. మెట్ల మీదున్న నలుగురం నవ్వాం. నేనూ నవ్వాను.

గదికొచ్చి పడుకున్నాక ఆ నవ్వు నాకే నచ్చలేదు. ఎందుకంటే రీప్లేస్ చేసిన నోరు ఒకటి మా ఇంట్లోనే ఉంది.

మా తాతయ్యది శ్రీకాకుళం జిల్లాలో పల్లెటూరు. నలభై ఏళ్లు ఖైనీ వాడాడు. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఎడమ బుగ్గ లోపల పుండు క్యాన్సర్ అని తేలింది. బుగ్గ లోపలి పొర కోసేసి, ఆ చోట ముంజేతి చర్మం తెచ్చి కుట్టారు. ముంజేతి మీద ఖాళీ అయిన చోట తొడ చర్మం పలచగా తీసి అతికారు. తొందరగా పట్టుకున్నారు కాబట్టి రేడియేషన్ అవసరం పడలేదు. ఆపరేషన్ సక్సెస్. తాతయ్య ఇప్పుడు మెత్తటి అన్నం తింటాడు, మాట కొంచెం ముద్దగా వస్తుంది, బతికున్నాడు. మాకు అంతకన్నా ఏం కావాలి?

కానీ ఆరు నెలల తర్వాత ఒకరోజు భోజనం దగ్గర నోట్లో వేలు పెట్టి ఏదో లాగుతూ కనిపించాడు. వెంట్రుక. ముంజేతి చర్మం కదా, అది బుగ్గ లోపలికి వెళ్లినా దాని పని అది చేస్తోంది. వెంట్రుకలు మొలిపిస్తోంది. తాతయ్య నవ్వుతూ, "ఒక మంగలి సరిపోడురా నాకు, నోట్లోకి ఇంకొకడు కావాల" అన్నాడు. అందరం నవ్వాం. ఆయన మాత్రం ఆ పూట అన్నం సగంలో వదిలేశాడు.

అప్పట్నుంచి నాకో డౌట్ ఉండిపోయింది. చోటు మారిన చర్మానికి తను చోటు మారానని తెలియదా? తెలిస్తే ఎప్పుడు తెలుస్తుంది? ఈ డౌట్ పట్టుకుని చదువుతూ పోతే, నోటికి పేగు అతికే ఆపరేషన్ దగ్గర తేలాను. ఈ వ్యాసం దాని గురించే. నేను సీఎస్ఈ స్టూడెంట్‌ని, డాక్టర్ని కాదు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం, కాబట్టి నా తెలుగులో తప్పులుంటే క్లబ్ పెద్దలు సర్దుకోవాలి. కానీ ఒక అభిప్రాయం మాత్రం గట్టిగా చెప్పదలుచుకున్నా: మన శరీరానికి 'స్పేర్ పార్ట్' అనే మాట వాడటం మనం మానేయాలి. ముఖ్యంగా ఇంజినీరింగ్ వాళ్లం.

పేగు నోట్లోకి ఎలా వస్తుంది

నోటి లోపలి పొర తడిగా ఉంటుంది. చర్మం పొడిగా ఉంటుంది. కోసేసిన నోటికి చర్మం అతికితే ఖాళీ నిండుతుంది గానీ తడి రాదు. రేడియేషన్ కూడా పడితే లాలాజల గ్రంథులు దెబ్బతిని నోరు ఎండిపోతుంది. ముద్ద మింగాలంటే ప్రతిసారీ నీళ్లు తాగాలి. అందుకే కొందరు సర్జన్లు వేరేలా ఆలోచించారు. ఒంట్లో తడిగా ఉండే పొర, వెంట్రుకలు లేనిది, కొంచెం తీసినా నష్టం లేనిది ఎక్కడుంది? చిన్నపేగులో. అందులో మధ్య భాగం పేరు జెజునం. చిన్నపేగు మొత్తం మీటర్ల పొడవుంటుంది, అందులోంచి జానెడు తీసినా జీర్ణానికి పెద్ద లోటు రాదు.

పొట్ట తెరిచి, ఒక ధమని, ఒక సిర ఉన్న ముక్క చూసుకుని కోస్తారు. మిగిలిన పేగు రెండు కొసల్నీ మళ్లీ కలిపేస్తారు. తీసిన ముక్క గొట్టంలా ఉంటుంది కదా, దాన్ని రక్తనాళాలు వచ్చే వైపుకి ఎదురు వైపున నిలువుగా చీల్చి చాపలా పరుస్తారు. దాన్ని నోట్లో కుట్టి, దాని ధమనినీ సిరనీ మెడలో ఉన్న రక్తనాళాలకి మైక్రోస్కోప్ కింద, వెంట్రుక కన్నా సన్నటి దారంతో కలుపుతారు. పేగు రక్తం లేకుండా ఎక్కువసేపు ఆగలేదు కాబట్టి ఇదంతా గడియారం చూసుకుంటూ చేసే పని.

ఇది కొత్త ఆలోచనేం కాదు. రక్తనాళాల్ని కుట్టే పద్ధతి కనిపెట్టిన అలెక్సిస్ కారెల్ గత శతాబ్దం మొదట్లోనే కుక్కల్లో పేగు ముక్కని మెడలోకి మార్చి చూశాడు. రక్తనాళాల కుట్టు, అవయవాల మార్పిడి మీద చేసిన పనికి ఆయనకి 1912లో నోబెల్ వచ్చింది. మనిషిలో మొదటిసారి 1959లో న్యూయార్క్ సర్జన్లు చేశారు. అది నోటికి కాదు, మెడ దగ్గర అన్నవాహికకి. ఆ పేషెంట్ కొద్దిరోజులకే స్ట్రోక్‌తో చనిపోయాడు. పోస్ట్‌మార్టంలో చూస్తే అతికిన పేగు మాత్రం సజీవంగా ఉంది.

ఈ సంగతి చదివినప్పుడు నాకు ఒక క్షణం ఏం అర్థం కాలేదు. ముక్క బతికింది, మనిషి పోయాడు. మరి ఆ ఆపరేషన్ సక్సెసా, ఫెయిల్యూరా? ముక్కని అడిగితే ఒక జవాబు, మనిషిని అడిగితే ఇంకో జవాబు. ఈ ప్రశ్న మళ్లీ చివర్లో వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

సొంతదే కదా, ఇమ్యూనిటీకి ఏం పని?

కిడ్నీ మార్పిడి గురించి అందరికీ తెలుసు. ఇంకొకరి కిడ్నీ పెడితే మన రోగనిరోధక కణాలు దాన్ని పరాయిదని గుర్తుపట్టి దాడి చేస్తాయి. అందుకే జీవితాంతం మందులు వాడాలి. కానీ జెజునం ముక్క పేషెంట్ సొంతదే. దాడి ఉండదు, మందులు అక్కర్లేదు. ఇక్కడితో మనలాంటి వాళ్లం "ఓకే, ఇమ్యూనిటీ చాప్టర్ క్లోజ్" అనుకుంటాం. నేనూ అదే అనుకున్నా.

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. పేగు అంటే ఉత్త గొట్టం కాదు. మన ఒంట్లో రోగనిరోధక కణాలు అన్నిటికన్నా ఎక్కువ గుమిగూడి ఉండే చోట్లలో పేగు ఒకటి. పేగు లోపలి పొరలో కణాల మధ్య ఇరుక్కుని కొన్ని లింఫోసైట్లు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం సీడీ8 రకం, అంటే చెడిపోయిన కణాన్ని చంపగలిగేవి. ఆ పొర కింద ఇంకో రకం ఎక్కువ, సీడీ4, అంటే మిగతా కణాలకి సూచనలిచ్చేవి. వాటి పక్కనే ప్లాస్మా కణాలు రోజంతా ఐజీఏ అనే యాంటీబాడీని తయారు చేస్తుంటాయి. మన శరీరం రోజూ గ్రాముల కొద్దీ ఐజీఏ తయారుచేసి పేగులోకి వదులుతుంది. ఇవి కాక మాక్రోఫేజ్‌లు, మాస్ట్ కణాలు.

వీటన్నిటికీ ఏళ్ల తరబడి వచ్చిన ట్రైనింగ్ ఒకటుంది. ఏది అన్నం, ఏది శత్రువు, ఎవరితో గొడవ పడకూడదు అనేది. పప్పన్నం మీద దాడి చేసే పేగుతో మనిషి బతకలేడు. కాబట్టి పేగు కణాలకి పోరాడటం ఎంత వచ్చో, ఊరుకోవడం కూడా అంతే వచ్చు.

ఇప్పుడు ఆ జానెడు ముక్కని తీసుకెళ్లి నోట్లో పెట్టారు. ఏమేం మారాయో చూడండి.

జెజునంలో బాక్టీరియా చాలా తక్కువ. పైన కడుపులో ఉన్న యాసిడ్ చాలావాటిని చంపేస్తుంది కాబట్టి. నోట్లో అలా కాదు, ఒక మిల్లీలీటరు లాలాజలంలో బాక్టీరియా కోట్లలో ఉంటాయి. సందు చివర ప్రశాంతంగా ఉన్న ఇంట్లోంచి తీసుకొచ్చి ఆర్టీసీ బస్టాండ్ ప్లాట్‌ఫాం మీద కాపురం పెట్టినట్టు. జెజునానికి అన్నం నలిగి, జావలా కరిగి, పైత్యరసం కలిసి వచ్చేది. ఇక్కడ వేడి టీ, ఆవకాయ కారం, అప్పడం ముక్క నేరుగా వచ్చి తగులుతాయి. నోటి సొంత పొర ఇటుకలు పేర్చినట్టు చాలా వరసల మందం. పేగు పొర ఒకే ఒక్క వరస కణాలు. పైగా ఆపరేషన్లో ధమనినీ సిరనీ కలుపుతారు గానీ, లింఫ్ నాళాల్నీ నరాల్నీ కలపరు. అంటే ఆ ముక్కలోని రోగనిరోధక కణాలు రోజూ వెళ్లొచ్చే దారి తెగిపోయింది. దానికి తోడు చాలామందికి రేడియేషన్. లింఫోసైట్లు రేడియేషన్‌కి చాలా సులువుగా చనిపోతాయి.

ఇన్ని మారాక లోపలి కణాలు మారకుండా ఎలా ఉంటాయి? ఉండవు. నెలల తర్వాత, ఏళ్ల తర్వాత ఆ ముక్కలోంచి గోరంత తీసి మైక్రోస్కోప్ కింద చూస్తే మొదట కనిపించేది ఆకారంలో తేడా. పేగు లోపల వేళ్లలా లేచి ఉండే విల్లై పొట్టిగా, చదునుగా అయిపోతాయి. అన్నంలోంచి పోషకాలు పీల్చే పని ఇక లేదు కదా. జిగురు తయారుచేసే కణాలు మాత్రం పని మానవు, తడి వస్తూనే ఉంటుంది. ఇక రోగనిరోధక కణాల్ని ఒక్కో రకానికి ఒక్కో రంగు వేసి లెక్కపెడితే, పేగులో ఉన్నప్పటి లెక్క ఇక్కడ ఉండదు. మనిషి అదే మనిషి, డీఎన్ఏ అదే డీఎన్ఏ, ముక్క అదే ముక్క. కాపురం ఉన్న కణాలు మాత్రం మారాయి.

కణాలకి అడ్రస్ ఎవరు చెప్తారు

నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇది. రక్తంలో తిరిగే లింఫోసైట్‌కి "నువ్వు పేగుకి వెళ్లు" అని ఎవరు చెప్తారు? దానికి ఒక అడ్రస్ సిస్టం ఉంది. పేగుకి వెళ్లాల్సిన లింఫోసైట్ల మీద ఆల్ఫా4 బీటా7 అనే ప్రోటీన్ ఉంటుంది. పేగులోని రక్తనాళాల గోడ మీద మ్యాడ్‌క్యామ్-1 అనే ఇంకో ప్రోటీన్ ఉంటుంది. మొదటిది రెండోదానికి అతుక్కుంటుంది, కణం అక్కడ ఆగి లోపలికి దిగుతుంది. మన నెట్‌వర్క్స్ సబ్జెక్ట్‌లో ప్యాకెట్ మీద డెస్టినేషన్ ఉన్నట్టే అనుకోండి. ఈ అతుకుని అడ్డుకునే వెడోలిజుమాబ్ అనే మందుని పేగువాపు జబ్బులకి 2014 నుంచి వాడుతున్నారు. అంటే ఇది థియరీ కాదు, ఈ అడ్రస్ చెరిపేస్తే నిజంగానే కణాలు పేగుకి రావడం తగ్గుతుంది.

మరి ఆ అడ్రస్ లింఫోసైట్ మీద రాసేదెవరు? పేగు పక్కన ఉండే డెండ్రైటిక్ కణాలు. అవి విటమిన్ ఏ నుంచి రెటినోయిక్ యాసిడ్ తయారుచేసి, ఆ సిగ్నల్‌తో "నీది పేగు" అని ముద్ర వేస్తాయి. జపాన్ శాస్త్రవేత్తలు 2004లో చూపించారు దీన్ని. మనం తిన్న మునగాకు, క్యారెట్‌లలోని విటమిన్ ఏ ఇలా కణాల మీద చిరునామాగా మారుతోందంటే నాకైతే మతి పోయింది.

ఇప్పుడు నోట్లో ఉన్న పేగు సంగతి ఆలోచించండి. మొదట్లో దాని రక్తనాళాలు పేగువే, పాత బోర్డు ఇంకా వేలాడుతోంది. కానీ చుట్టూ ఉన్న టిష్యూ నోటిది. ఏళ్లు గడిచాక ఆ బోర్డు ఉంటుందా, వెలిసిపోతుందా? కొత్తగా వచ్చే కణాలు పేగు ట్రైనింగ్ ఉన్నవా, నోటి ట్రైనింగ్ ఉన్నవా? ఇది ఒక ముక్క గురించిన ప్రశ్నలా కనిపిస్తుంది గానీ కాదు. "కణం స్వభావం పుట్టుకతో వస్తుందా, చోటుతో వస్తుందా" అన్న ప్రశ్నకి, మనిషి ఒంట్లోనే జరుగుతున్న ప్రయోగం ఇది.

పాత కణాలన్నీ వెంటనే వెళ్లిపోతాయనీ అనుకోకండి. ఓస్లో పరిశోధకులు, వేరే మనిషి నుంచి క్లోమంతో పాటు చిన్నపేగు మొదటి భాగం మార్పిడి చేయించుకున్న పేషెంట్లని చూశారు. ఆడవాళ్లకి మగ దాత, మగవాళ్లకి ఆడ దాత ఉన్న కేసులు తీసుకుంటే, వై క్రోమోజోమ్ చూసి ఏ కణం ఎవరిదో చెప్పెయ్యొచ్చు. మార్పిడి అయిన ఏడాది తర్వాత కూడా దాత ప్లాస్మా కణాలు, సీడీ8 కణాలు చాలా ఉన్నాయి. అంతే కాదు, 1950లు, 60లలో అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 మన డీఎన్ఏలో తేదీ ముద్రలా ఉండిపోతుంది కదా, దాని సాయంతో లెక్కగట్టి పేగులో కొన్ని ప్లాస్మా కణాలు దశాబ్దాల పాటు బతుకుతాయని 2017లో చెప్పారు. పేగు పై పొర మూడు నుంచి ఐదు రోజులకోసారి కొత్తదవుతుంది. దాని కింద కూర్చున్న కణం మాత్రం మన వయసుదే కావచ్చు. అవి నోటి ముక్కలు కావు, నిజమే. కానీ అతికిన ముక్కలో పాత కణాలు, కొత్త కణాలు చాలాకాలం కలిసే ఉంటాయని అర్థమవుతోంది.

మన కంప్యూటర్ పోలిక నేను ఇక్కడ ఆపేస్తున్నా. ర్యామ్ ఒక లాప్‌టాప్‌లోంచి తీసి ఇంకోదాంట్లో పెడితే అది పాత లాప్‌టాప్‌ని గుర్తుపెట్టుకోదు. పేగు గుర్తుపెట్టుకుంటుంది. అందుకే అది స్పేర్ పార్ట్ కాదు.

సక్సెస్ అంటే ఎవరి సక్సెస్

నా అసలు అభిప్రాయానికి వస్తున్నా. ఇలాంటి ఆపరేషన్లలో సక్సెస్ అంటే సాధారణంగా మొదట చూసేది, అతికిన ముక్క బతికిందా లేదా అని. అది చాలా ముఖ్యం, కాదనను. మొదటి కొన్ని రోజులు గంటగంటకీ రంగు చూస్తారు, రక్తం ఆడుతోందా అని చూస్తారు. కానీ మన భాషలో చెప్పాలంటే అది బిల్డ్ పాస్ అవ్వడం మాత్రమే. ఐదేళ్ల తర్వాత నోరు తడిగా ఉందా, ముద్ద దిగుతోందా, మాట అర్థమవుతోందా, ఆ ముక్కలో రక్షణ పని ఎవరు చేస్తున్నారు, పక్కన మళ్లీ క్యాన్సర్ వస్తే పట్టుకునే కణాలు అక్కడ ఉన్నాయా అన్నవి కూడా సక్సెస్ లెక్కలోకి రావాలి. 1959 నాటి ఆ పేగు ముక్కని గుర్తుచేసుకోండి. ముక్క సక్సెస్ వేరు, మనిషి సక్సెస్ వేరు.

దీనికి ఎదురు వాదనలు నాకు తెలుసు. మా కజిన్ అక్క ఎంబీబీఎస్ చదువుతోంది, ఈ వ్యాసం డ్రాఫ్ట్ చదివి మూడు అంటించింది.

మొదటిది: "నోటికి పేగు అతకడం అరుదురా. పొట్ట కూడా కోయాలి, పేషెంట్ అసలే నీరసంగా ఉంటాడు. అందుకే ముంజేతి చర్మం, తొడ చర్మం, ఛాతీ కండరం వాడతారు." ఒప్పుకుంటున్నా. ముంజేతి పద్ధతి 1981లో చైనా సర్జన్లు ప్రచురించాక ప్రపంచమంతా పాకింది, కారణం అది సులువు, నమ్మకం. నేను పేగే వాడమని అనట్లేదు. చర్మమైనా అంతే కదా, దానికీ సొంత రోగనిరోధక కణాలున్నాయి, అదీ చోటు మారింది. మా తాతయ్య వెంట్రుకే సాక్ష్యం. పేగు ముక్క ఆ మార్పుని పెద్ద అక్షరాల్లో చూపిస్తుంది, అంతే.

రెండోది: "బాగైపోయిన మనిషి నోట్లోంచి నీ క్యూరియాసిటీ కోసం ముక్క కోస్తావా?" ఇది గట్టి వాదన. కోయకూడదు, మనిషి పూర్తిగా తెలిసి ఒప్పుకుంటే తప్ప. కానీ ఇలాంటి పేషెంట్లు చెకప్‌కి ఎలాగూ వస్తారు, అనుమానం వచ్చినప్పుడు బయాప్సీ ఎలాగూ చేస్తారు. ఆ ముక్కల్ని క్యాన్సర్ ఉందా లేదా అని చూసి పక్కన పడేయకుండా, అనుమతితో మిగతాది కూడా చూడొచ్చు.

మూడోది నాకు తగిలింది: "అయినా సీఎస్ఈ వాడికెందుకు?"

దానికి నా జవాబు మన డిపార్ట్‌మెంట్‌లోనే ఉంది. మన సీనియర్లలో ప్రతి బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురు మెడికల్ ఇమేజెస్ మీద ప్రాజెక్ట్ చేస్తారు. నెట్‌లోంచి డేటాసెట్ దించుకోవడం, మోడల్ ట్రైన్ చేయడం, యాక్యురసీ చూపించి మార్కులు తెచ్చుకోవడం. స్లైడ్ అంటే మనకి పిక్సెల్స్. ఒక ఉదాహరణ చెప్తా. మామూలు జెజునం స్లైడ్లతో ట్రైన్ అయిన మోడల్‌కి, నోట్లో ఐదేళ్లున్న పేగు స్లైడ్ చూపించారనుకోండి. విల్లై చదునుగా ఉన్నాయి. గోధుమ పడని సీలియాక్ జబ్బులో కూడా విల్లై చదునవుతాయి. మోడల్ ఠక్కున 'జబ్బు' అంటుంది. కాన్ఫిడెన్స్ కూడా ఎక్కువే చూపిస్తుందేమో. కానీ అక్కడ జబ్బేం లేకపోవచ్చు. చోటు మారిన పేగు కొత్త చోటుకి సర్దుకుని ఉండొచ్చు. ఆ ముక్క ఎక్కడ్నుంచి ఎక్కడికి వెళ్లింది, ఎన్నేళ్లైంది, రేడియేషన్ పడిందా అన్న నాలుగు కాలమ్స్ మన సీఎస్‌వీలో లేకపోతే ఎంత పెద్ద మోడల్ అయినా తప్పే చెప్తుంది. కాబట్టి ప్రాజెక్ట్ చేసే వాళ్లకి నా రిక్వెస్ట్ ఒక్కటే. యాక్యురసీ ముందు కాదు, ఈ టిష్యూ కథేంటని ముందు అడగండి. పక్కనే మెడికల్ కాలేజీ ఉంటే వెళ్లి ఒక పాథాలజిస్ట్‌తో అరగంట మాట్లాడండి.

మన ఊళ్ల సంగతి

ఇదంతా ఎక్కడో జర్మనీలోనో జపాన్‌లోనో జరిగే ఆపరేషన్ల గోల అనుకోవద్దు. నోటి క్యాన్సర్ మన జబ్బు. 2020 ఒక్క ఏడాదిలోనే మన దేశంలో 1,35,000కి పైగా కొత్త కేసులని అంతర్జాతీయ అంచనా. ప్రపంచంలో మూడో వంతు. 2016-17 జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 21.4 శాతం మంది నమిలే, పీల్చే రకం పొగలేని పొగాకు వాడుతున్నారు.

మా శ్రీకాకుళం వైపు ఇంకో అలవాటు ఉంది. అడ్డపొగ. చుట్టని వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ముసలమ్మలు అలా పీలుస్తూ వాకిలి ఊడ్చడం నేనూ చూశాను. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుంది. 1971లో ఒక పరిశోధన బృందం మా జిల్లాలో 10,169 మంది పల్లె జనం నోళ్లు పరీక్షించి, ఈ అలవాటుకీ అంగిలిలో వచ్చే మార్పులకీ ఉన్న సంబంధం గురించి రాసింది. మా జిల్లా పేరు ప్రపంచ వైద్య పత్రికలో ఎక్కింది దీనితో! గర్వపడాలో ఏడవాలో తెలియదు.

కాబట్టి నోటిని మళ్లీ కట్టే సర్జరీ గురించి, అతికిన ముక్క ఏమవుతుందనే దాని గురించి ప్రపంచంలో ఎవరికన్నా ఎక్కువ పట్టింపు ఉండాల్సింది మనకే.

మళ్లీ మెట్ల మీదికి

ఇదంతా చదివాక నేను రూమ్మేట్‌కి లెక్చర్ ఇవ్వలేదు. ఇచ్చినా వినడు. వాడి ముందు కూర్చుని, "మూడు వేళ్లు పక్కపక్కన పెట్టి నిలువుగా నోట్లో పట్టించు" అన్నాను. నవ్వుతూ పెట్టాడు. రెండు పట్టాయి. మూడోది పట్టలేదు. నావి మూడూ పట్టాయి. వాడి నవ్వు ఆగిపోయింది. "మెస్‌లో పచ్చడి తింటే మంటగా ఉంటోందా?" అన్నాను. జవాబు చెప్పలేదు.

వక్క వల్ల బుగ్గ లోపలి పొర బిగుసుకుపోయే జబ్బు అలాగే మొదలవుతుంది. నోరు కొద్దికొద్దిగా తెరుచుకోవడం మానేస్తుంది. అందులో కొందరికి తర్వాత క్యాన్సర్ వస్తుంది. పొగాకు లేని పాన్ మసాలా సేఫ్ అనుకునే వాళ్ల కోసం ఇంకో మాట: వక్క ఒక్కటే అయినా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చేసింది.

మర్నాడు ఇద్దరం డెంటిస్ట్ దగ్గరికి వెళ్లాం. ఫిబ్రోసిస్ మొదటి దశ అన్నారు. ఇప్పుడు మానేస్తే ఇంకా ముదరకుండా చూడొచ్చు అన్నారు. వాడు మానేశాడని రాస్తే బాగుండేది. ఇంకా పూర్తిగా మానలేదు. రోజుకి ఆరు ప్యాకెట్లు ఉండేది, ఇప్పుడు ఒకటి. దానికోసం రోజూ గొడవే.

ఈ వ్యాసం చదివే వాళ్లలో ఆ ప్యాకెట్ జేబులో ఉన్నవాళ్లు ఉంటారు. మీరు ఇప్పుడే మూడు వేళ్లు పెట్టి చూసుకోండి, ఎవరూ చూడట్లేదు. పట్టకపోయినా, నోట్లో తెల్లమచ్చో ఎర్రమచ్చో ఉన్నా, పుండు రెండు వారాల్లో మానకపోయినా డెంటిస్ట్‌కి చూపించుకోండి.

సర్జన్లు నిజంగా గొప్పవాళ్లు. జానెడు పేగుతో నోరు కట్టగలరు. కానీ ఆ పేగు ముంజేతి చర్మంలాగే తన పాత చోటుని మోసుకొస్తుంది, కొత్త చోటుతో ఏళ్ల తరబడి సర్దుకుంటూ ఉంటుంది. మీతో పాటు పుట్టి, మీ అమ్మ పెట్టిన మొదటి ముద్ద దగ్గర్నుంచి నేర్చుకుంటూ వచ్చిన నోరు మీకు ఒక్కటే ఉంది. మా తాతయ్య రిటైర్మెంట్ డబ్బుల్లో సగం పెట్టినా అది దొరకలేదు.